గురకకో కొలబద్ద

గురకంత అన్యాయమైన చప్పుడు ఇంకోటి లేదు. పెట్టే మనిషికి వినపడదు. వినే మనిషికి నిద్ర ఉండదు. పొద్దున్నే కాఫీ చేతికిస్తూ "రాత్రి ఏం గురకండీ బాబూ!" అంటే, "ఎవరూ, నేనా? నాకసలు రాత్రంతా నిద్రే పట్టలేదు" అని నిక్కచ్చిగా చెబుతారు. ఈ జవాబు వినని ఇల్లాలు ఉంటుందనుకోను. ఇది కోర్టుకెక్కితే నిలిచే కేసు కాదు. సాక్షి ఒక్కతే, అదీ చీకట్లో కళ్లు మూసుకుని పడుకున్న సాక్షి.

మావారి గురక గురించి మా చుట్టాల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. పెళ్లిళ్లకి వెళితే విడిదింట్లో ఆయన పక్క వేసిన గదిలో ఇంకెవరూ పక్క వెయ్యరు. మా మరిది అయితే, "అన్నయ్య నిద్రపోతే గోదావరి బ్రిడ్జి మీద గూడ్సుబండి వెళుతున్నట్టుంటుంది వదినా" అంటాడు. అందరం నవ్వుకునేవాళ్లం. గురకంటే మనకి హాస్యమే, కుంభకర్ణుడి నాటినుంచీ అంతే. ఆయన్ని లేపడానికి వెళ్లిన రాక్షసులు ఆయన ఊపిరి గాలికి ఎదురు నిలవలేకపోయారట. నేనిప్పుడు కాస్త చదువుకున్నదాన్ని గనక చెబుతున్నాను. అంత జోరుగా గాలి ఆడుతోందంటే కుంభకర్ణుడి గొంతు దివ్యంగా ఉన్నట్టే. జబ్బు చేసిన గొంతు పద్ధతి వేరు. అది గాలిని ఆపేస్తుంది.

నన్ను భయపెట్టింది ఆ ఆగడమే. గూడ్సుబండి ఎంతసేపు నడిచినా పరవాలేదు, అలవాటైపోతుంది. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతే మాత్రం గుండె గుభేలుమంటుంది. గురక ఆగిపోయేది. పొట్టా ఛాతీ మాత్రం పైకీ కిందకీ ఆడుతూనే ఉండేవి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగిలేది కాదు. మూసిన తలుపుని లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టుండేది. నేను గోడ గడియారం ముల్లు చప్పుడు పట్టుకుని లెక్కపెట్టేదాన్ని. ఇరవై దాకా మామూలే. ముప్పై దాటితే లేచి కూచునేదాన్ని. నలభై దగ్గర భుజం మీద చెయ్యి వేసేదాన్ని. ఒక్కసారి ఉలిక్కిపడి, ఘుర్రుమని ఊపిరి లాగి, అటు తిరిగి మళ్లీ మొదలు.

ఈ అంకెలన్నీ వంటింటి కేలండరు మీద రాసేదాన్ని. పాలు రాని రోజున ఇంటూ గుర్తు, దాని పక్కనే 35, 41, 38. చూసినవాళ్లు పాల లెక్కే అనుకునేవారు.

పగలు సంగతి కూడా చెప్పాలి. పేపరు చదువుతూ తూగడం, టీవీ ముందు తూగడం అందరికీ ఉండేదే. ఒకరోజు లెవెల్ క్రాసింగు దగ్గర స్కూటరు ఆపుకుని ఉన్నాం. రైలు వెళ్లింది, గేటు లేచింది, వెనకాల హారన్లు మోగుతున్నాయి, ఈయన కదలరు. తొంగి చూస్తే రెండు చేతులూ హేండిలు మీద, గడ్డం గుండెల మీద. వెనక సీటు మీద ఉన్నది నేను. గేటు మూసి ఉంది గనక సరిపోయింది గానీ, అదే నిద్ర స్కూటరు కదులుతూ ఉండగా వస్తే? ఆ సాయంత్రం ఇంకేమీ వాదన లేకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

డాక్టరు మొదట చేసిన పని ఆయన్ని నిటారుగా కూచోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక బయటికి చాపమనడం. లైటు వేసి చూసి, "మల్లంపాటి నాలుగు" అని రాసుకున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. మల్లంపాటి వారు మనవాళ్లే కదా, ఆ ఇంటిపేరుకి మావారి కొండనాలుకతో ఏం పని?

పని ఉందట. మల్లంపాటి శేషగిరిరావుగారు గుంటూరు జిల్లావారు, బోస్టన్‌లో మత్తు డాక్టరు. ఆపరేషనుకి ముందు శ్వాసనాళంలోకి గొట్టం వెయ్యడం ఎవరికి సులువు, ఎవరికి కష్టం అన్నది నోరు తెరిపించి చూసి ముందే పసిగట్టచ్చని 1983లో సూచించారు. 1985లో 210 మంది రోగుల మీద పరీక్షించి చూపించారు. కొండనాలుకా దాని పక్క కమానులూ పూర్తిగా కనపడితే ఒకటో తరగతి. నాలుక అడ్డొచ్చి అవి మరుగున పడుతున్నకొద్దీ తరగతి పెరుగుతుంది. ఆయన పెట్టినవి మూడు తరగతులే, నాలుగోది 1987లో వేరేవాళ్లు చేర్చారు. చదువులో తరగతి పెరిగితే సంతోషిస్తాంగానీ ఇక్కడ అది పనికిరాదు. ఇది గొట్టం వేసేవాళ్ల కోసం పుట్టిన కొలతే అయినా, నిద్ర డాక్టర్లు కూడా వాడుకుంటున్నారు. తరగతి ఒకటి పెరిగినకొద్దీ నిద్దట్లో ఊపిరాగే జబ్బు ఉండే అవకాశం రెట్టింపుకి మించి పెరిగిందని అమెరికాలో 2006లో ఒక పరిశీలన తేల్చింది. దేశదేశాల డాక్టర్లు నోరు తిరక్కపోయినా ఆ పేరు రోజూ పలుకుతున్నారంటే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. మావారికి మాత్రం నాలుగో తరగతి రావడం నచ్చలేదు.

"ఇది చూస్తే సరిపోతుందా డాక్టరుగారూ?" అన్నాను.

"సరిపోదమ్మా. ఇప్పుడాయన మెలకువగా ఉన్నారు. మెలకువలో ఈ గొంతుకి ఏ లోపమూ లేదు" అన్నారు.

ఈ జబ్బులో అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇనస్పెక్టరు వచ్చిన రోజున బడి శుభ్రంగా ఉన్నట్టు, డాక్టరు చూసే వేళకి గొంతు బుద్ధిగా తెరుచుకునే ఉంటుంది. దాని వేషాలన్నీ మనిషి నిద్రపోయాకనే. అందుకే వైద్యులకి కూడా చాలాకాలం ఇది చేతికి చిక్కలేదు. డికెన్స్ 1836, 37లలో రాసిన పిక్విక్ పేపర్సు నవలలో జో అని ఒక లావుపాటి కుర్రాడున్నాడు, నిలబడి నిలబడే నిద్రపోతాడు. అతణ్ణి తలుచుకుని 1956లో అమెరికా డాక్టర్లు ఒక జబ్బుకి పిక్విక్ పేరు పెట్టారు. వాళ్ల రోగి 51 ఏళ్ల వ్యాపారి. వారానికోసారి పేకాట ఆడేవాడు. ఒకరోజు చేతిలోకి మూడు ఆసులూ ఇద్దరు రాజులూ వచ్చారు. అంత ముక్క పడితే ఎవరికైనా చేతులు వణుకుతాయి. ఈ మహానుభావుడు ముక్కలు పట్టుకునే నిద్రపోయాడు, ఆట పోయింది. అప్పుడు గానీ ఆస్పత్రిలో చేరలేదు! (ఇంట్లో ఆడవాళ్లు ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నారో పాపం.) డాక్టర్లు అతని రక్తం పరీక్షించారు, ఊపిరితిత్తులు పరీక్షించారు, తప్పంతా లావుదే అన్నారు. రాత్రి పక్కన కూచుని ఊపిరి ఆగుతోందేమో రాసిపెట్టలేదు. ఆ పని ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ చేసేసరికి 1965 వచ్చింది.

గొంతు ఎందుకిలా చేస్తుందో డాక్టరుగారు బొమ్మ వేసి చూపించారు. ముక్కుకి ఎముక ఆసరా ఉంది. కింద స్వరపేటికకి గట్టి మృదులాస్థి ఉంది. ఈ రెంటికీ నడుమ జానెడుకన్నా తక్కువ దారి ఉందే, దానికి చుట్టూ ఏ దన్నూ లేదు, కండలే గోడలు. మనిషి మాట్లాడే ప్రాణి గనక, ఆ గోడలు ఎటు కావాలంటే అటు వంగాలి గనక అలా ఏర్పడిందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. మెలకువగా ఉన్నంతసేపూ కండలు బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే సడలుతాయి. నాలుకని ముందుకి లాగి పట్టుకునే కండ సడలినప్పుడే దారి మూసుకుంటోందనీ, అది మళ్లీ బిగిసినప్పుడే తెరుచుకుంటోందనీ 1978లో రెమ్మర్సూ ఆయన తోటివాళ్లూ కొలిచి చూపించారు. మరి అది మళ్లీ బిగియడానికి మెదడు ఉలిక్కిపడి లేవాలి. లేస్తుంది, రెండు మూడు ఊపిరిలు తీసుకోగానే మళ్లీ పడుకుంటుంది. లేచినట్టు మనిషికి తెలియదు. "నాకసలు రాత్రంతా నిద్రే పట్టలేదు" అన్న మావారి మాట, పాపం, ఒక విధంగా నిజమేనన్నమాట.

కొబ్బరిబొండాంలో ఇప్పుడు కాగితపు స్ట్రాలు వేస్తున్నారు చూడండి. కాసేపటికి నానిపోతుంది. నానిన స్ట్రాలోంచి గట్టిగా లాగితే నీళ్లు వస్తాయా? గోడలు రెండూ అతుక్కుపోతాయి. ఇంకా గట్టిగా లాగితే ఇంకా అతుక్కుంటాయి. నేను చీకట్లో చూసిన ఆ పొట్ట కదలిక అదే.

తరవాత ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టారు. నెత్తి మీద తీగలు, కళ్ల పక్కన తీగలు, గడ్డం కింద తీగలు, ముక్కులో గాలి చూసే గొట్టం, ఛాతీకొక పట్టీ, పొట్టకొక పట్టీ, వేలికి ప్రాణవాయువు చూసే క్లిప్పు. అన్నీ తగిలించాక మా వీధి కరెంటు స్తంభంలా తయారయ్యారు. "ఇంక హాయిగా పడుకోండి సార్" అని ఆ కుర్రాడు లైటు ఆర్పేశాడు. మీరు నమ్మరు, మావారు నిజంగానే హాయిగా పడుకున్నారు.

పది సెకన్లు, ఆపైన గాలి ఆగితే దాన్నొక ఆగడంగా లెక్క వేస్తారు. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గినవి కూడా కలుపుతారు. గంటకి అయిదులోపు ఉంటే మామూలు. పదిహేను దాటితే మధ్యరకం, ముప్పై దాటితే తీవ్రం. మావారికి గంటకి 42 వచ్చాయి. ఏడుగంటల నిద్రకి హెచ్చించుకోండి, ఇంచుమించు 300. రాత్రికి మూడొందలసార్లు ఎవరో గొంతు పట్టుకుని వదులుతున్నట్టు. అన్నిటికన్నా పెద్దది 68 సెకన్లు. ప్రాణవాయువు 74 శాతానికి పడిపోయింది. ఇలా ఏళ్లతరబడి సాగితే రక్తపోటు పెరుగుతుందనీ, గుండె లయ తప్పచ్చనీ చెప్పారు. నేను కేలండరు కాగితాలు తీసి బల్లమీద పెట్టాను. ఆయన శ్రద్ధగా తిరగేసి, "ఈ పరీక్షకి మొదటి యంత్రం మీరేనమ్మా" అన్నారు. యంత్రం అన్నందుకు కోపం రాలేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో నా లెక్కని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

అయితే ఈ 42 అన్న అంకెకి కూడా ఒక హద్దుంది. ఎన్నిసార్లు మూసుకుందో చెబుతుంది గానీ ఎక్కడ మూసుకుంది, ఎంత సులువుగా మూసుకుంది అన్నది చెప్పదు. అది కొలవడానికి వేరే ఉపాయం పన్నారు. నిద్రపోతున్న మనిషి ముక్కుకి మాస్కు తగిలించి, గాలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా మారుస్తూ, సరిగ్గా ఎక్కడ గొంతు మూసుకుంటుందో చూస్తారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు 1988లో ఈ కొలతలు ప్రకటించారు. అందులో నాకు నచ్చిన సంగతొకటుంది. వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్ల గొంతులు కూడా ముయ్యగలిగారు. కాకపోతే దానికి బయటి ఒత్తిడికన్నా పది సెంటీమీటర్ల నీటి ఎత్తుకి మించి కిందకి లాగాల్సి వచ్చింది. మావారిలాంటివాళ్ల గొంతు ఎవరూ లాగకుండానే, మామూలు గాలిలోనే మూసుకుంటుంది. అంటే గురక పెట్టని మహాత్ములకీ మావారికీ ఉన్న తేడా ఓ గ్లాసెడు నీళ్ల ఎత్తు. మా మరిదికి ఈ ముక్క చెప్పాను.

ఈ తంతు పరిశోధన చేసేచోటే గానీ ప్రతి ఆస్పత్రిలోనూ ఉండదు. కళ్లతో చూసే పద్ధతి మాత్రం వాడుకలో ఉంది. ఆపరేషను ఆలోచన ఉన్నవాళ్లకి మత్తిచ్చి నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నటి కెమేరా గొట్టం దింపి, ఏ గోడ పడుతోందో చూస్తారు. 1991లో ఇంగ్లండులో మొదలైంది. ఒకరికి అంగిటి వెనక మెత్తటి పొర పడుతుంది, ఒకరికి నాలుక మొదలు వెనక్కి జారుతుంది, ఇంకొకరికి పక్క గోడలు దగ్గరికొస్తాయి. చూడకుండా కొయ్యడం కళ్లకి గంతలు కట్టుకుని కూరలు తరగడమే. నాలుకని కదిలించే నరానికి చిన్న యంత్రం అమర్చే వైద్యానికి 2014లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు కూడా ఈ చూపుకే పెద్దపీట వేశారు. అంగిటి దగ్గర చుట్టూతా ఉంగరంలా మూసుకునేవాళ్లకి అది వద్దన్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరికి గొంతు మరీ అంత మెత్తన కాదు, చిన్న ఇబ్బందికే మెదడు మేలుకుంటుంది. కొందరికి ఊపిరి పగ్గాలు మరీ అతిగా స్పందిస్తాయి, కొంచెం తగ్గితే బోలెడు లాగి, ఆ వెంటనే మరీ తగ్గించేస్తాయి. ఇద్దరికీ గంటకి 42 రావచ్చు. ఇద్దరిదీ ఒకే జబ్బని ఒకే మందు వెయ్యడం కుదరదు గదా.

మావారికి కత్తీ లేదు, మత్తూ లేదు. సిడ్నీలో కొలిన్ సలివన్ అనే ఆయన 1981లో ప్రకటించిన పద్ధతి, మాస్కులోంచి గాలి తోసి గొంతుని లోపలినుంచి తెరిచి ఉంచడం, దాంతోనే సరిపోయింది. దానికీ కొలతే. ఇంకో రాత్రి పడుకోబెట్టి, ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. 10 సెంటీమీటర్ల దగ్గర గురక ఆగింది, ఆగడాలూ ఆగాయి. మళ్లీ అదే గ్లాసెడు నీళ్ల ఎత్తు! మాస్కు పెట్టుకున్న మొదటి రాత్రి మా మనవడు చూసి "తాతగారు రాకెట్టెక్కుతున్నారు" అని చప్పట్లు కొట్టాడు. వారం తిరక్కుండా పేపరు చివరి పేజీ దాకా చదివి, సంపాదకీయం గురించి నాతో వాదన పెట్టుకున్నారు. ఆ పేజీ దాకా ఆయన మెలకువగా చేరి ఎన్నేళ్లయిందో.

ఇంట్లో రాత్రిళ్లు నిశ్శబ్దం. నాకు మాత్రం మూడుసార్లు మెలకువ వస్తూనే ఉంది. పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నానికి ఒంట్లో ఓపిక ఉండదు. మావారితో పాటు వెళ్లినప్పుడు మాటవరసకి అన్నాను. డాక్టరుగారు కలం ఆపారు.

"ఆయన గురక పోయింది కదమ్మా. మరి మిమ్మల్నెవరు లేపుతున్నారు?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికేముంది గనక?

ఆయనే చెప్పారు. ఆడవాళ్లలో ఈ జబ్బు గుట్టుగా ఉంటుందట. ఊపిరి పూర్తిగా ఆగడంకన్నా తగ్గడం ఎక్కువ. ఆగినా తక్కువసేపే. కలలొచ్చే నిద్రలో ఎక్కువగా వస్తాయి. గురక గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. నీరసం, నిద్రపట్టకపోవడం, తలనొప్పి అంటూ వస్తారు, వాటికేవో మాత్రలు రాయించుకుని వెళ్లిపోతారు. ముట్లుడిగాక ముప్పు పెరుగుతుంది. "ఆడవాళ్లు ఆలస్యంగా బయటపడతారమ్మా, పక్కన లెక్కపెట్టేవాళ్లు ఉండరు" అన్నారు.

ఊర్మిళాదేవి నిద్ర పాట మా అమ్మమ్మ పాడేది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన మనిషి. కుంభకర్ణుడి ఊపిరికి అంత వర్ణన ఉంది, ఊర్మిళ గురక పెట్టి ఉంటుందని మనలో ఎవరమైనా ఎప్పుడైనా ఊహించామా? ఆ పద్నాలుగేళ్లలో ఆవిడ ఊపిరి ఆగిందో ఆడిందో ఎవరు కూచుని చూశారు?

మావారు వెంటనే పౌరుషానికి వచ్చారు. "అదెంత పని, ఇవాళ నేను లెక్కపెడతానోయ్" అని నా రిస్టువాచీ అడిగి తీసుకున్నారు. గోడకి దిండు చేరేసుకుని కూచున్నారు. నేనటు తిరిగి పడుకున్నాను. ఎప్పుడో మెలకువ వచ్చి చూస్తే, వాచీ ఛాతీ మీద ఉంది, మనిషి గూడ్సుబండి నడుపుతున్నారు, మాస్కు బల్లమీద ఉంది. లేపి మాస్కు తగిలించాను.

ఇలా కాదని నేనూ నోరు తెరిచి "ఆ" అన్నాను. మల్లంపాటి మూడు. మా ఇంట్లో ఒక తరగతి తక్కువ వచ్చింది నాకే. వచ్చే శుక్రవారం నాకు తీగలు కడతారు, రాత్రంతా అక్కడే పడుకోవాలి. శనివారం పొద్దున్న అయిదున్నరకి పాలవాడు వస్తాడు, లేచి గిన్నె పెట్టమనీ, కేలండరు మీద రాయమనీ ఆయనకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను.